బ్లడ్ క్యాన్సర్ తగ్గిన పిల్లలు ఒళ్లు చేస్తుంటే: హార్మోన్ల తేడాను ఇంట్లో ఎలా కనిపెట్టాలి, ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి

"కీమో అయిపోయి రెండేళ్లయింది, పాప లావవుతూనే ఉంది. స్టిరాయిడ్ల వల్లేనా, థైరాయిడా, తిండి ఎక్కువై అలా అవుతోందా?" తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. తూకం ఒక్కటే చూస్తే దీనికి జవాబు దొరకదు. తూకం పక్కన ఎత్తు పెట్టి చూస్తే చాలావరకు ఇంట్లోనే తేలిపోతుంది. తిండి ఎక్కువై లావైన పిల్లలు సాధారణంగా ఎత్తు కూడా బాగానే పెరుగుతారు. హార్మోన్ లోపం ఉన్న పిల్లల్లో ఒళ్లు పెరుగుతుంది గానీ ఎత్తు నత్తనడక నడుస్తుంది.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, అంటే ఏఎల్ఎల్, గురించే ఇక్కడ రాస్తున్నాం.

కావలసినవి

- ఆసుపత్రి ఫైలు, ముఖ్యంగా ట్రీట్‌మెంట్ సమ్మరీ
- గోడకు అంటించిన కొలత టేపు, గట్టి అట్ట పుస్తకం ఒకటి
- డిజిటల్ తూకం మిషను (ఎప్పుడూ అదే మిషను)
- దర్జీ వాడే మెత్తని టేపు
- ఒక నోటుబుక్కు
- ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన గ్రోత్ చార్టు. ఆడపిల్లలకు ఒకటి, మగపిల్లలకు ఒకటి ఉంటాయి. ఇవి 5 నుంచి 18 ఏళ్ల వాళ్లవి. 5 ఏళ్ల లోపు వాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు వాడాలి.

1. ముందు ఫైలులోంచి ఐదు సంగతులు తీయండి

తలకు రేడియేషన్ ఇచ్చారా? మన వైపు "కరెంటు పెట్టారు" అంటారే, అదే. ఇస్తే ఎన్ని గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత)? కొన్ని ఫైళ్లలో సెంటీగ్రేల్లో రాస్తారు: 1800 సెంటీగ్రేలంటే 18 గ్రేలు. వెన్నుకు కూడా ఇచ్చారా? బోన్ మారో మార్పిడికి ముందు ఒళ్లంతటికీ ఇచ్చారా? ఇవి మూడు. నాలుగోది, గుండె మీద ప్రభావం చూపే ఎర్ర మందుల (డాక్సోరుబిసిన్, డౌనోరుబిసిన్) మొత్తం డోసు. ఐదోది, చివరి స్టిరాయిడ్ మాత్ర ఏ తేదీన వేశారు.

రేడియేషన్ సంగతి ఎందుకు ముఖ్యమంటే, మెదడు అడుగున ఉండి హార్మోన్లను నడిపించే హైపోథాలమస్, పిట్యూటరీలకు అది తగిలితే మొట్టమొదట దెబ్బతినేది గ్రోత్ హార్మోనే. 18 గ్రేలు, ఆపైన అయితే గ్రోత్ హార్మోన్ తగ్గడం, ఈడు ముందే రావడం రెండూ సాధ్యమే. థైరాయిడ్‌నీ, జబ్బునూ దెబ్బనూ ఒళ్లు తట్టుకునేలా చేసే కార్టిసాల్‌నీ నడిపించే పిట్యూటరీ హార్మోన్లు పడిపోవడం ఎక్కువగా 30 గ్రేలు దాటినప్పుడు. ఏఎల్ఎల్‌లో మామూలుగా అంత ఇవ్వరు. 1984లో మన దేశంలో మొదలైన ఎంసీపీ 841 అనే ఏఎల్ఎల్ చికిత్స పద్ధతిలో తలకు రేడియేషన్ భాగంగా ఉండేది కాబట్టి, ఆ పద్ధతిలో బాగైన పాతతరం వాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయినా సరే ఈ లెక్క చూసుకోవాలి. నాలుగైదేళ్ల లోపు వయసులో తలకు రేడియేషన్ తీసుకున్న ఆడపిల్లలకు స్థూలకాయం వచ్చే అవకాశం అందరికంటే ఎక్కువ.

రేడియేషన్ అసలే లేదు, ఒట్టి కీమోతోనే తగ్గిందా? అయితే బరువుకు మొదటి అనుమానితులు స్టిరాయిడ్లు, కదలిక తగ్గడం, ఇంట్లో అలవాటైన తిండి. ఇలాంటి పిల్లలకు ల్యాబులవాళ్లు అమ్మే "ఫుల్ హార్మోన్ ప్యాకేజీ" చేయించడం డబ్బు దండగ. కింది కొలతల్లో తేడా కనిపిస్తే అప్పుడు ఆలోచించండి.

సమ్మరీ మీ దగ్గర లేకపోతే ట్రీట్‌మెంట్ చేసిన ఆసుపత్రిలో యూనిట్ నంబరు చెప్పి రాతపూర్వకంగా అడగండి. రేడియేషన్ ఆ విభాగం ఫైలులో విడిగా ఉంటుంది, దాన్ని వేరేగా అడగాలి. ఎక్కువమంది ఇక్కడే సగం కాగితాలతో వెనక్కి వస్తారు.

2. ఎత్తు సరిగ్గా కొలవండి

ఇక్కడ ఒక సెంటీమీటరు తప్పితే తర్వాతి లెక్కంతా తప్పుతుంది.

పొద్దున కొలవండి. సాయంత్రానికి వెన్ను కాస్త కుంగి మనిషి ఒక సెంటీమీటరు దాకా పొట్టి అవుతాడు. చెప్పులు, సాక్సులు తీయించండి. జడ, ముడి, క్లిప్పు విప్పేయండి. గోడ కింద చెక్కపట్టీ లేదా టైల్సు అంచు పొడుచుకొచ్చి ఉంటే ఆ గోడ వద్దు, తలుపు పక్క చదునైన చోటు చూడండి. మడమలు, పిర్రలు, భుజాలు గోడకు ఆనాలి. చూపు నేరుగా ఎదురుగా ఉండాలి, గడ్డం పైకెత్తనివ్వకండి. పుస్తకాన్ని తల మీద పెట్టి, దాని వెన్ను గోడకు పూర్తిగా ఆనేలా నొక్కి, అడుగు అంచు దగ్గర పెన్సిలుతో గీత గీయండి. పిల్లను పక్కకు పంపి మళ్లీ పిలిచి కొలవండి. అలా మూడుసార్లు. మూడూ అర సెంటీమీటరు లోపు ఉంటే సగటు రాయండి. లేకపోతే మొదటినుంచి కొలవండి.

బరువు పొద్దున్నే, బాత్రూముకు వెళ్లొచ్చాక, పలచటి బట్టల్లో చూడండి. నడుము కొలత చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక తీసుకోండి. పొట్ట లోపలికి లాగమని చెప్పొద్దు.

బరువు నెలకోసారి చాలు. ఎత్తు మూడు నెలలకోసారి. రోజూ తూకం ఎక్కిస్తే మీకు కంగారు, పిల్లకు అవమానం.

వెన్నుకు రేడియేషన్ ఇచ్చి ఉంటే మొండెం ఎదగక కాళ్లు మాత్రం పెరుగుతాయి. వీళ్లకు కూర్చున్న ఎత్తు కూడా విడిగా రాయాలి.

3. మూడు లెక్కలు వేయండి

ఏడాదికి ఎంత ఎత్తు పెరిగింది? నాలుగేళ్ల వయసు నుంచి ఈడు వచ్చేదాకా ఏడాదికి 5–6 సెంటీమీటర్లు పెరగడం మామూలు. 4 సెంటీమీటర్ల కంటే తక్కువైతే డాక్టరుకు చూపించాలి. కనీసం ఆరు నెలల తేడాతో తీసిన కొలతలే వాడండి. మూడు నెలల తేడాను నాలుగుతో గుణించి హడలిపోకండి.

బీఎంఐ ఎంత? బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించండి. పెద్దవాళ్ల 23, 25 అంకెలు పిల్లలకు నేరుగా పనికిరావు, వయసుకు తగ్గ చార్టు మీదే పెట్టాలి.

నడుమును ఎత్తుతో భాగిస్తే ఎంత? 0.5 దాటితే పొట్టలో కొవ్వు చేరుతోందని గుర్తు. లుకేమియా తగ్గిన పిల్లల్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువగా ఉండటం మామూలే కాబట్టి బీఎంఐ బాగున్నట్టు చూపించి మోసం చేయొచ్చు. ఈ మూడో లెక్క వదలకండి.

ఉదాహరణకు ఐదేళ్ల వయసుకే ట్రీట్‌మెంట్ ముగిసిన ఇద్దరు ఆడపిల్లల్ని చూడండి. ఇద్దరూ ఏడేళ్లప్పుడు 116 సెంటీమీటర్లు, 21 కిలోలు.

- మొదటి పాప: ఎనిమిదేళ్లకు 123 సెం.మీ., 27 కిలోలు. తొమ్మిదేళ్లకు 129.5 సెం.మీ., 34 కిలోలు. బీఎంఐ 20.3.
- రెండో పాప: ఎనిమిదేళ్లకు 119.5 సెం.మీ., 25 కిలోలు. తొమ్మిదేళ్లకు 122.5 సెం.మీ., 30 కిలోలు. బీఎంఐ 20.

బీఎంఐ చూస్తే ఇద్దరూ ఒకటే. తూకం మాత్రమే చూసే బంధువులు మొదటి పాప గురించే కంగారు పడతారు. కానీ ఆ పాప ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లు పెరుగుతోంది, ఆమెకు ముందు తిండి, ఆట సరిచేయాలి, కింది నాలుగో అంశం (ఈడు) చూసుకోవాలి. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి ముందు వెళ్లాల్సింది రెండో పాప. రెండేళ్లలో 6.5 సెంటీమీటర్లే పెరిగింది, 9 కిలోలు ఎక్కింది.

హెచ్చరిక: ఈ లెక్క ట్రీట్‌మెంట్ ముగిశాకే. కీమో, స్టిరాయిడ్లు నడుస్తున్నప్పుడు ఎత్తు మందగించడం, ఒళ్లు రావడం రెండూ ఊహించినవే. మరోవైపు తలకు రేడియేషన్ తీసుకున్నవాళ్లు మొదటి రెండుమూడేళ్లు బాగున్నారని కొలవడం మానేయకూడదు, గ్రోత్ హార్మోన్ ఏళ్ల తర్వాత కూడా తగ్గొచ్చు.

4. ఈడు ఎప్పుడు వస్తోందో గమనించండి

ఆడపిల్లలకు 8 ఏళ్లలోపు రొమ్ములు పెరగడం, మగపిల్లలకు 9 ఏళ్లలోపు వృషణాలు పెద్దవవడం ముందస్తు. ఆడపిల్లలకు 13 దాటినా, మగపిల్లలకు 14 దాటినా ఏ గుర్తూ లేకపోతే ఆలస్యం. లావుగా ఉన్న పాప ఛాతీలో ఉన్నది కొవ్వా, రొమ్ము కణుపా అనేది వేళ్లతో తడిమి చూస్తేనే తెలుస్తుంది, కంటితో చూసి తేల్చకండి.

అన్నిటికంటే మోసం చేసేది ఇక్కడే ఉంది. తలకు రేడియేషన్ తీసుకున్న పిల్లకు గ్రోత్ హార్మోన్ తక్కువగా ఉండి, ఈడు కూడా ముందే వస్తే, ఈడు వేగం వల్ల ఎత్తు మామూలుగానే పెరిగినట్టు కనిపిస్తుంది. "మా పాప బాగా సాగింది" అని ఇంట్లో సంబరపడతారు. ఎముకలు తొందరగా ముదిరిపోయి పన్నెండేళ్లకే ఎదుగుదల ఆగిపోయాక అసలు విషయం బయటపడుతుంది. అందుకే ఈడు ముందే మొదలైతే, ఎత్తు బాగున్నా సరే, ఎడమ చేతి ఎక్స్‌రేతో ఎముక వయసు చూపించండి. పెద్దమనిషి అయ్యేదాకా ఆగితే మందు ఇచ్చే సమయం చాలావరకు దాటిపోతుంది.

మగపిల్లల్లో ఇంకో చిక్కు. కీమో వల్ల వృషణాలు చిన్నగానే ఉండిపోవచ్చు, అప్పుడు వాటి సైజు చూసి "ఇంకా ఈడు రాలేదు" అనుకోవడం పొరపాటు. వెంట్రుకలు, గొంతు మార్పు, పొద్దున తీసిన టెస్టోస్టిరాన్ కలిపి చూడాలి.

5. పరీక్షలు: ఏది, ఎలా

*థైరాయిడ్.* ఒట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపించే పిట్యూటరీ హార్మోన్) చేయించి "థైరాయిడ్ నార్మల్" అనుకోవడం అందరూ చేసే తప్పు. పిట్యూటరీయే దెబ్బతింటే టీఎస్‌హెచ్ పెరగదు. రిపోర్టులో టీఎస్‌హెచ్ 2.1, దాని కింద ఫ్రీ టీ4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్) 0.7 అని ఉండి, పక్కన ల్యాబు హద్దు 0.9 నుంచి మొదలైతే, అది నార్మల్ రిపోర్టు కాదు. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ ఒకే శాంపిల్‌లో చేయించండి. జుట్టు రావడానికి బయోటిన్ మాత్రలు వేస్తుంటే డాక్టరుకు చెప్పి రెండు రోజుల ముందు ఆపండి, అవి అంకెల్ని తారుమారు చేస్తాయి.

*గ్రోత్ హార్మోన్.* మామూలుగా ఒకసారి రక్తం తీసి చూస్తే ఏమీ తెలియదు, అది రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ప్రభావంతో ఒంట్లో తయారయ్యేది) నార్మల్ వచ్చినా, తలకు రేడియేషన్ తీసుకున్నవాళ్లలో లోపం లేదని చెప్పలేం. మందు ఇచ్చి కొన్ని గంటలపాటు చాలాసార్లు రక్తం తీసే స్టిమ్యులేషన్ పరీక్ష కావాలి. పరగడుపున వెళ్లాలి. క్లోనిడిన్‌తో చేస్తే బీపీ తగ్గి పిల్లలు మగతగా ఉంటారు, ఆ రోజు బడి, స్కూటరు ప్రయాణం పెట్టుకోకండి. థైరాయిడ్ తక్కువ ఉంటే ముందు అది సరిచేశాకే ఈ పరీక్ష. లావు ఎక్కువైనా ఫలితం నిజం కంటే తక్కువ చూపిస్తుంది, కాబట్టి ఎత్తు పెరిగే వేగంతో కలిపే చదవాలి.

*కార్టిసాల్.* పొద్దున 8 గంటల ప్రాంతంలో తీయాలి, సాయంత్రం తీసింది పనికిరాదు. దురదకనో తెల్లబడటానికనో మెడికల్ షాపులో ఇచ్చే కొన్ని క్రీముల్లో స్టిరాయిడ్ ఉంటుంది. ఆయాసానికి వాడే పీల్చే మందుల్లోనూ ఉంటుంది. ఇవి వాడుతుంటే ముందే చెప్పండి.

*షుగరు, కొవ్వు.* తలకు లేదా ఒళ్లంతటికీ రేడియేషన్ ఇచ్చినవాళ్లు రెండేళ్లకోసారి పరగడుపు షుగరు లేదా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), లిపిడ్ ప్రొఫైల్ చేయించాలి. ఒళ్లంతటికీ ఇచ్చినవాళ్లకు సన్నగా ఉన్నా షుగరు రావొచ్చు. ఈమధ్యే రక్తం ఎక్కించి ఉంటే హెచ్‌బీఏ1సీ నమ్మొద్దు. మెడ వెనక మడతల్లో ముఖమల్ గుడ్డలా నల్లగా మందంగా ఉంటే, అది మురికి కాదు. సున్నిపిండితో రుద్దడం ఆపి షుగరు పరీక్ష చేయించండి. బీపీ ఏటా చూపించాలి.

6. స్టిరాయిడ్ ఇంకా నడుస్తుంటే

డెక్సా లేదా ప్రెడ్నిసోలోన్ వేసే రోజుల్లో పిల్లలకు వచ్చేది గారాబం కాదు, నిజమైన ఆకలి. రాత్రి రెండింటికి లేచి అన్నం అడుగుతారు. అన్నం లేదని ఏడిపించొద్దు, అడిగినదల్లా పెట్టొద్దు.

మెయింటెనెన్స్‌లో (కీమో చివరి దశలో) నెలకు ఐదు రోజులు స్టిరాయిడ్ ఉంటే, మొదటి రోజుకు ముందే ఇల్లు సర్దండి. చిప్స్, మిక్స్చర్, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు ఇంట్లో లేకుండా చేయండి. పచ్చళ్లు, అప్పడాలు, వడియాలు ఆ ఐదు రోజులు పక్కన పెట్టండి, ఉప్పుతో ఒంట్లో నీరు నిలుస్తుంది. రెండున్నర, మూడు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి: ఇడ్లీ సాంబారు, పెసరట్టు, ఉడికించిన శనగలు, గుడ్డు, పప్పు ఎక్కువ అన్నం తక్కువ కలిపిన ముద్ద. రాత్రి ఆకలికి ఉడికించిన గుడ్డో, వేడి పప్పుకట్టో సిద్ధంగా ఉంచండి. తెల్లకణాలు తక్కువగా ఉన్నప్పుడు పచ్చి సలాడ్, కోసి ఉంచిన పండ్లు వద్దు.

ఒళ్లు వస్తోందని స్టిరాయిడ్ మాత్ర తగ్గించడం, మానేయడం ప్రాణాంతకం. అది క్యాన్సర్ మందు. ఆ మాత్రకు సంబంధించి వేళ మార్చాలన్నా డాక్టరునే అడగాలి.

7. ట్రీట్‌మెంట్ అయ్యాక తిండి

ఎదిగే పిల్లలకు పస్తులు, కీటో, టీవీలో వచ్చే పొడులు వద్దు. కొద్దిగా లావున్న పిల్లలకు బరువు తగ్గించనక్కర్లేదు, ఆపితే చాలు. పైన చెప్పిన మొదటి పాప 34 కిలోల దగ్గరే ఆగి ఏడాదిలో 135 సెంటీమీటర్లకు పెరిగితే, ఏమీ తగ్గకుండానే బీఎంఐ 20.3 నుంచి 18.7కు దిగుతుంది. రెండో పాపకు ఈ ఉపాయం పారదు, ఎత్తు పెరగడం లేదు కాబట్టి. అందుకే ముందు హార్మోన్ సంగతి తేలాలి.

మార్చాల్సినవి మూడే. ఒకటి, "బలానికి" పాలలో కలిపే పొడులు: వాటిలో చక్కెర బాగా ఉంటుంది, డబ్బా వెనక గ్రాములు చదవండి. ట్రీట్‌మెంట్‌లో చిక్కిపోయినప్పుడు మొదలుపెట్టినవి చాలా ఇళ్లలో ఏళ్లతరబడి సాగుతుంటాయి. రెండు, జ్యూసు బదులు పండు. మూడు, అన్నం ఒకే గిన్నెతో కొలిచి పెట్టడం, రెండోసారి అడిగితే కూర, పప్పు వేయడం. నెలకు ఇంట్లో ఎన్ని నూనె ప్యాకెట్లు అవుతున్నాయో కూడా లెక్కపెట్టండి. ఇంటిల్లిపాదీ ఒకే తిండి తినాలి. తమ్ముడికి లడ్డూ పెట్టి, పాపకు కీరా ముక్క ఇస్తే వారం కూడా నిలబడదు.

నాన్నమ్మ, అమ్మమ్మలకు డాక్టరు చేత చెప్పించండి. చావు అంచు దాకా వెళ్లొచ్చిన బిడ్డకు నేతి ముద్ద వద్దనడం మీ నోటి నుంచి వస్తే వాళ్లు వినరు.

8. ఆట

రోజుకు 60 నిమిషాలు కదలాలి. ఒకేసారి కాకపోయినా పర్లేదు, పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదు నిమిషాలు పెంచండి. ముందు మూడు చూసుకోండి.

మోకాలు, తుంటి నొప్పి ఉంటే పరుగు, తాడాట ఆపించి ఎమ్మారై గురించి అడగండి. స్టిరాయిడ్ల వల్ల ఎముకకు రక్తం అందక దెబ్బతినడం, ముఖ్యంగా పదేళ్లు దాటాక ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్లలో ఉంటుంది. మామూలు ఎక్స్‌రేలో మొదట్లో కనిపించదు. "బద్ధకం" అని తిట్టే ముందు ఇది చూడండి.

నడిచేటప్పుడు పాదం ముందుభాగం నేలకు కొట్టుకుంటుంటే అది విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వల్ల నరం బలహీనత. ఫిజియోథెరపీ, మడమ దగ్గర గట్టిగా పట్టే బూట్లు కావాలి.

ఎర్ర మందుల మొత్తం డోసు చదరపు మీటరుకు 250 మి.గ్రా. దాటినా, ఛాతీకి రేడియేషన్ ఇచ్చినా, ఎకో (గుండె స్కానింగు) చూపించుకోకుండా జిమ్ము బరువులు, కబడ్డీ పోటీలు వద్దు. నడక, సైకిలు, ఈత మంచివి.

9. మందు రాస్తే

*థైరాక్సిన్:* పరగడుపున, టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం. కార్టిసాల్ కూడా తక్కువగా ఉంటే ముందు దాన్ని సరిచేశాకే థైరాక్సిన్ మొదలుపెట్టాలి. ఈ వరస తిరగబడితే ప్రమాదం.

*గ్రోత్ హార్మోన్:* రోజూ రాత్రి చర్మం కింద ఇంజెక్షన్. సాధారణంగా ట్రీట్‌మెంట్ ముగిసి, జబ్బు తిరగబెట్టకుండా కనీసం ఏడాది గడిచాకే ఇస్తారు. ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్‌లో పెడితే పాడవుతుంది. ప్రయాణంలో ఐసు ప్యాకుకు నేరుగా తగలనివ్వకండి. తలనొప్పితో వాంతులు వచ్చినా, తుంటి నొప్పితో కుంటినా వెంటనే చెప్పండి. పని చేస్తోందా అన్నది తూకంలో వెతకకండి. మొదటి ఏడాది ఎత్తు పెరిగే వేగం హెచ్చాలి. పొట్ట కొవ్వు కొంత తగ్గొచ్చు గానీ ఇది సన్నబడే మందు కాదు.

*ఈడు ఆపే ఇంజెక్షన్:* నెలకో, మూడు నెలలకో ఒకటి. తేదీ వారం దాటితే ప్రభావం తప్పుతుంది, కాబట్టి ముందు డోసు వేసిన రోజే తర్వాతి డోసు కొనడానికి ఏర్పాటు చేసుకోండి.

10. స్టిరాయిడ్ ఆపిన తర్వాతి నెలలు, బ్యాగులో కార్డు

నెలలకొద్దీ స్టిరాయిడ్లు వేశాక ఒంట్లో సొంత కార్టిసాల్ తయారీ మందగిస్తుంది. చాలామందికి కొన్ని వారాల్లో తిరిగొస్తుంది, కొందరికి నెలలు పడుతుంది. ఆ మధ్యలో గట్టి జ్వరం, ఆగని వాంతులు, ఆపరేషన్, దెబ్బ తగలడం జరిగితే ఒళ్లు తట్టుకోలేదు. పిల్ల మగతగా పడిపోవడం, చల్లటి చెమటలు, కళ్లు తిరగడం కనిపిస్తే పరీక్షల కోసం ఆగకూడదు. ఎమర్జెన్సీలో హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్ లోటు తీర్చే మందు) ఇంజెక్షన్ పడాలి. డ్యూటీలో ఉన్న డాక్టరుకు పాత చరిత్ర తెలియకపోతే దీన్ని ఒట్టి వైరల్ జ్వరం అనుకునే అవకాశం ఉంది.

అందుకే అరచేయంత కార్డు ఒకటి రాసి బడి బ్యాగులో పెట్టండి, ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. దాని మీద ఉండాల్సినవి: పేరు, పుట్టిన తేదీ, ఏఎల్ఎల్, కీమో ముగిసిన తేదీ, చివరి స్టిరాయిడ్ తేదీ, తలకు రేడియేషన్ ఎన్ని గ్రేలు, ఎర్ర మందుల మొత్తం, ఇప్పుడు వేసుకుంటున్న మందులు, తాజా ఎత్తు, బరువు, ఎండోక్రైనాలజిస్టు ఫోను నంబరు. హైడ్రోకార్టిసోన్ డోసు మీ డాక్టరు చేతే రాయించి సంతకం తీసుకోండి. ఎత్తు, బరువు మూడు నెలలకోసారి కొట్టేసి కొత్తవి రాయండి, ఇంజెక్షన్ డోసు లెక్క వాటి మీదే నడుస్తుంది.